నవ్విస్తూ భయం పోగొట్టిన మనిషి: సుద్దాల హనుమంతు

జనగామలోనో, మానుకోటలోనో, భూపాలపల్లిలోనో విద్యార్థి సంఘం సభ పెడితే ఉపన్యాసాలకు ముందు ఎవరో ఒకరు పల్లెటూరి పిల్లగాడ పాట ఎత్తుకుంటారు. హాస్టల్ పిల్లలకు ఆ పాట చిన్నప్పటి నుంచే వచ్చు. రాసిందెవరని అడిగితే కొందరు గద్దర్ అంటారు, కొందరు జానపదం అంటారు. సుద్దాల హనుమంతు అని చెప్పేవాళ్లు ఉన్నా, ఆయన ఎట్లాంటి మనిషని అడిగితే మాత్రం జవాబు ఒక్కటే వస్తుంది. పేదల కన్నీళ్లను పాట చేసిన కవి అంటారు. పరిశోధన మొదలుపెట్టిన రోజుల్లో మేము కూడా ఆయన్ని అట్లాగే అనుకున్నాం.

ఆ మాటలో అబద్ధం లేదు, కానీ అది సగం మాత్రమే. హనుమంతును ఆయన కాలం జనం ముందుగా ఎరిగింది నవ్వించే మనిషిగా. గొంగడి భుజాన వేసుకుని గొల్లసుద్దులు చెప్పే మనిషి ఆయన. కట్టె తుపాకి పట్టుకుని పిట్టలదొర వేషంలో గొప్పలు కొట్టే మనిషి, ఫకీరుగా, సాధువుగా, బుడబుక్కలవాడిగా రోజుకో రూపంలో కనబడే మనిషి కూడా ఆయనే. గడి ముందు నుంచి నడవాలంటే చెప్పులు చేతిలో పట్టుకోవాల్సిన రోజుల్లో, దొర మీద జనాన్ని నవ్వించగలిగారు. ఆ నవ్వు ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరి దగ్గర నేర్చుకున్నది, దాని అప్పు మనం ఎవరికి తీర్చాలి అన్నది చెప్పుకోవడానికే ఈ వ్యాసం.

పాలడుగు నుంచి సుద్దాలకు

హనుమంతు పుట్టింది మోత్కూరు దగ్గరి పాలడుగులో, గత శతాబ్దపు తొలి ఏళ్లలో. పేద పద్మశాలి కుటుంబం. ఆ తర్వాత గుండాల దగ్గరి సుద్దాలలో స్థిరపడ్డారు. ఆ ఊరే ఆయనకు ఇంటిపేరయింది. నిజాం కాలంలో జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలోనే ఉండేది. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు గుండాల మండలాన్ని జనగామలో కలిపారు, తర్వాత యాదాద్రి భువనగిరికి మార్చారు. కాగితాల మీద సరిహద్దులు ఎన్నిసార్లు మారినా, మోత్కూరు, గుండాల, దేవరుప్పుల, పాలకుర్తి పల్లెల బతుకు ఒక్కతీరుగానే ఉండేది. దొరతనం కూడా ఒక్కతీరుగానే ఉండేది.

పద్మశాలి ఇంట మగ్గం మీద పని ఎప్పుడూ ఉంటుంది, చేతికి వచ్చే కూలి మాత్రం తక్కువ. అట్లాంటి ఇంట్లో పెరిగిన పిల్లవాడికి భజనలు, హరికథలు, యక్షగానాలు, వీధి నాటకాలు అన్నీ ఊళ్లోనే దొరికాయి. ఏడాది పొడుగునా ఏదో ఒక సంచార కులం వాళ్లు ఊరికి వచ్చి ఆడిపాడి పోయేవారు. పంటలు చేతికొచ్చే కాలంలో జంగమోళ్లు, గొల్లసుద్దులవాళ్లు, తెల్లవారుజామున బుడబుక్కలవాళ్లు, పగటిపూట పగటి వేషగాళ్లు. బడి తక్కువైన పల్లెల్లో కథ, పురాణం, వెటకారం అన్నీ నేర్పింది వీళ్లే. హనుమంతుకు దక్కిన చదువులో పెద్ద భాగం ఇదేనని మేము అనుకుంటున్నాం.

యువకుడిగా హైదరాబాద్ వెళ్లి సర్కారు కొలువులో చిన్న ఉద్యోగం చేశారు. కొంతకాలం ఆర్యసమాజ్ ప్రభావంలో ఉన్నారు. అధికారి ముందు తలవంచుకుని నిలబడటం ఆయన వల్ల కాలేదు. ఉద్యోగం వదిలి ఊరికి వచ్చేశారు. అదే కాలంలో నగరంలో బి.ఎస్. వెంకట్రావు, జె. సుబ్బయ్య వంటి నాయకులు అణగారిన కులాలను కూడగడుతున్నారు. పల్లెల్లో ఆంధ్రమహాసభ పాకుతోంది. ఈ రెండు దారులూ అప్పుడు కలవలేదు. కలిసి ఉంటే తెలంగాణ చరిత్ర మరోలా ఉండేదేమో అన్న ఆలోచన మమ్మల్ని వెంటాడుతూనే ఉంటుంది.

1944లో భువనగిరిలో ఆంధ్రమహాసభ పదకొండో మహాసభ జరిగింది. రావి నారాయణరెడ్డి అధ్యక్షుడు. 1930లో జోగిపేటలో మొదలైనప్పుడు అది చదువుకున్నవాళ్ల సభ. భువనగిరి నాటికి సభ్యత్వ రుసుము తగ్గింది, కూలీనాలీ చేసుకునేవాళ్లు కూడా చేరారు. రసీదు చిట్టీ ఇచ్చేవారు కాబట్టి జనం దాన్ని చిట్టీ సంఘం అన్నారు, తర్వాత ఒట్టి సంఘం అన్నారు. హనుమంతు జీవితం మలుపు తిరిగింది ఆ భువనగిరి సభతోనే. అక్కడి నుంచి సంఘం మనిషిగా తిరిగొచ్చారు. సుద్దాలలో సంఘం పెట్టారు. పాట కట్టడం, వేషం కట్టడం ఆయన పని అయ్యాయి.

గడి నీడలో ఊరు

ఆయన నవ్వు విలువ తెలియాలంటే ముందు ఆ ఊళ్లలో భయం ఎట్లా ఉండేదో చెప్పుకోవాలి. జనగామ తాలూకాలో విస్నూరు దేశ్‌ముఖ్ రాపాక రామచంద్రారెడ్డి కింద నలభై వేల ఎకరాలు ఉండేవని చరిత్రకారులు లెక్క చెప్తారు. గడికి ప్రతి కులం వెట్టి చేయాల్సిందే. చాకలి బట్టలుతకాలి, కుమ్మరి కుండలివ్వాలి, గౌడ కల్లు పోయాలి, గొల్ల గొర్రెనివ్వాలి.

వెట్టి అందరికీ ఉన్నా, బరువు అందరికీ ఒక్కటి కాదు. మాల మాదిగ ఇండ్ల నుంచి మనిషి రోజూ గడి వాకిట్లో హాజరు కావాలి. ఊరూరికీ కబుర్లు మోయాలి, మూటలు మోయాలి, కట్టెలు కొట్టాలి. చెప్పులు కుట్టివ్వాలి, మోటలకు తోలు సామాను చేసివ్వాలి, వీటిలో దేనికీ కూలి లేదు. దొర హుకుంను డప్పు కొట్టి చాటేది కూడా మాదిగ మనిషే. తన మీద తానే హుకుం చాటుకునే స్థితి అది. తండ్రి తీసుకున్న అప్పుకు కొడుకు జీతానికి కుదరాలి, కొడుకు తీర్చలేకపోతే మనవడు. దీన్ని భాగేలా అనేవారు. 1936లో నిజాం ప్రభుత్వం భాగేలా ఒప్పందాలను నియంత్రిస్తూ నిబంధనలు తెచ్చింది. అవి పల్లెల్లో అమలు చేయాల్సింది పటేలు, పట్వారీ, ఆ ఇద్దరూ దొర మనుషులు. కాబట్టి కాగితం కాగితంగానే ఉండిపోయింది.

ఆకలి కన్నా ఎక్కువగా ఆ ఊళ్లను పట్టి ఉంచింది భయం. దొర పేరు నోటితో పలకరాదు, కళ్లెత్తి చూడరాదు. బాంచన్ అనే మాట రోజుకు ఎన్నిసార్లు వాడేవారో లెక్కలేదు. సంఘం వాళ్లు వచ్చి చట్టం, హక్కు, భూమి అని ఉపన్యాసం చెప్తే జనం వినేవారు, కానీ పక్కవాడి వైపు చూసి నోరు మూసుకునేవారు. తనొక్కడే అట్లా అనుకుంటున్నాడేమోనన్న అనుమానం ప్రతి మనిషికీ ఉండేది.

నవ్వు చేసిన పని

హనుమంతు పని అక్కడ మొదలయింది. గొల్లసుద్దుల్లో భుజాన గొంగడి, చేతిలో కర్రతో ఒకరు కథ ఎత్తుకుంటారు. పక్కనున్నవాళ్లు వంత పాడుతూ నడుమ నడుమ అమాయకంగా ప్రశ్నలు వేస్తారు. ఆ అమాయకపు ప్రశ్నల్లోనే హాస్యమంతా ఉంటుంది. పాత గొల్లసుద్దులు గొల్లల పుట్టుక, దేవతల కథలు చెప్పేవి. హనుమంతు ఆ నడకను అట్లాగే ఉంచి కథను మార్చారు. దేవుడి ఆస్తుల స్థానంలో దొర ఆస్తులు వచ్చాయి, రాక్షసుడి ఆకలి స్థానంలో పట్వారీ ఆకలి వచ్చింది. పేర్లు చెప్పనక్కర్లేదు. ఎవరి గురించో అందరికీ తెలుసు.

పిట్టలదొర వేషం ఇంకా పదునైనది. చిరిగిన ఖాకీ కోటు, నెత్తిన టోపీ, భుజాన కట్టె తుపాకి. లేని ఆస్తులు, లేని అధికారం గురించి అడ్డూ అదుపూ లేకుండా గొప్పలు చెప్పుకుంటాడు. ఆ వేషం ఊరి జనానికి పాతదే, నవ్వుకోవడమూ పాతదే. సంఘం సభలో అదే వేషం చూసినప్పుడు మాత్రం అసలు దొర కూడా ఒక పిట్టలదొరేనేమో, ఆ తుపాకి కూడా కట్టెదేనేమో అన్న ఆలోచన మొలకెత్తుతుంది. ఉపన్యాసం చేయలేని పని ఇది. ఉపన్యాసం వింటున్నప్పుడు మనిషి ఒంటరిగా వింటాడు. నవ్వు వచ్చినప్పుడు మాత్రం పక్కవాడు కూడా నవ్వుతున్నాడని కనబడుతుంది. ఒక్కసారి ఊరంతా కలిసి దొర మీద నవ్వాక, మర్నాడు గడి ముందు మునుపటిలా వంగి నిలబడటం కష్టం.

వేషాలకు మరో ఉపయోగం కూడా ఉంది. ఫకీరు, సాధువు, బుడబుక్కల మనిషి ఏ ఊరికైనా పోవచ్చు. ఎవరూ అడ్డగించరు, ఎందుకొచ్చావని అడగరు. సంఘం మాట పలకడమే నేరమైన చోట, భిక్ష అడిగే గొంతుతో ఆ మాట చెప్పి పోవచ్చు. కళాకారుడికి, కార్యకర్తకు మధ్య గీత చెరిగిపోయిన కాలం అది.

ఇక్కడే మేము ఆగి ఒక విషయం చెప్పాలి. ఈ రూపాలేవీ హనుమంతు సొంతం కావు. గొల్లసుద్దులు, బుడబుక్కల, పిట్టలదొర, జంగం కథ, డప్పు, ఇవన్నీ ఊరి చివర గుడిసెల్లో, గుడారాల్లో బతికిన కులాల కళలు. తెలుగు నేల మీద ఉద్యమాలు ఎంతగానో వాడుకున్న బుర్రకథకు మూలం జంగం కథ. దాన్ని తరతరాలుగా మోసిన బుడగ జంగాలు ఇవాళ షెడ్యూల్డ్ కులాల జాబితాలో ఉన్నారు. గడి హుకుం చాటిన డప్పే తర్వాత సంఘం సభకు రమ్మని చాటింది. ఉద్యమ చరిత్ర పుస్తకాల్లో నాయకుల పేర్లు వస్తాయి, కవుల పేర్లు వస్తాయి. ఆ డప్పు కొట్టిన చేతుల పేర్లు, ఆ నడకలు నేర్పిన గురువుల పేర్లు రావు.

మహారాష్ట్రలోనూ ఇదే కాలంలో ఇట్లాంటి పని జరిగింది. మాంగ్ కులంలో పుట్టిన అన్నాభావు సాఠే, అమర్ షేక్, గవాణ్కర్‌లతో కలిసి 1944లో లాల్ బావ్టా కళాపథక్ కట్టారు. తమాషాను తీసుకుని లోకనాట్యంగా మలిచి కూలీల బస్తీల్లో ఆడారు. అంతకు ముందే సత్యశోధక జల్సాలు, అంబేడ్కరీ జల్సాలు పల్లెపల్లెకూ తిరిగాయి. అక్కడ దళితులు తమ కళను తామే తమ ఉద్యమానికి వాడుకున్నారు, పేరు కూడా వాళ్లకే దక్కింది. ఇక్కడ ఆ కళలను మన పక్క కులం మనిషి ఒకరు ప్రేమతో నేర్చుకుని ఉద్యమానికి ఇచ్చారు. ఆయన పేరు నిలవడం న్యాయమే, మూలం పేరు చెరిగిపోవడమే అన్యాయం. అది హనుమంతు చేసిన తప్పు కూడా కాదు. ఆయన వేషం కట్టినప్పుడు ఎగతాళి పైకే పోయింది, గడి వైపే పోయింది. ఇవాళ టీవీల్లో, సినిమాల్లో పిట్టలదొర కనబడితే నవ్వు ఆ వేషం కట్టిన పేదవాడి మీదికే పోతోంది. అతని మాట తీరు, అతని బట్టలు, అతని కులం హాస్యమైపోయాయి. ఇదే తేడా. పేదవాడి వేషంలో నవ్వించడం వేరు, పేదవాణ్ని చూసి నవ్వడం వేరు.

పోరాటం నడుమ

1946 జులై 4న కడవెండిలో దొర మనుషుల తుపాకులకు దొడ్డి కొమరయ్య బలయ్యాడు. అక్కడి నుంచి గుత్పలు, వడిసెలలు, తర్వాత తుపాకులు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ పంటను దొరకు దక్కనివ్వలేదు. 1948 సెప్టెంబరులో భారత సైన్యం వచ్చి నిజాం పాలనను కూల్చింది. దొరలు మళ్లీ గడీలకు తిరిగొచ్చారు. పోరాటం 1951 అక్టోబరు దాకా సాగింది. మూడు వేల గ్రామాలు, పది లక్షల ఎకరాల పంపకం, నాలుగు వేల మంది అమరులు అని పుచ్చలపల్లి సుందరయ్య లెక్క చెప్పారు.

ఈ ఏళ్లన్నింటా హనుమంతు పాట, గొల్లసుద్దులు, వేషం పల్లెల్లో తిరిగాయి. వీర తెలంగాణ పేరుతో యక్షగానం కూడా రాశారు. ఉద్యమ కాలంలో పాటకు ప్రాణగండం ఉండేది. పాట కట్టినవాడు, పాడినవాడు, ఇంట్లో చోటిచ్చినవాడు ముగ్గురూ దొరికిపోవచ్చు. అందుకే ఆ పాటల్లో చాలావరకు కాగితం మీద కన్నా జనం నాలుక మీదే బతికాయి. రాసిన మనిషి పేరు ఊడిపోయి పాట మిగలడం వెనుక ఒక కారణం ఇది.

పసులకాపరి పిల్లవాడు

నవ్వించే మనిషి ఏడిపించే పాట ఎట్లా రాశారు? పసులు కాస్తూ ఏడుస్తున్న ఒక పసివాణ్ని దారిలో చూసి కదిలిపోయి ఆ పాట కట్టారని చెప్తారు. మాకు ఆ పాటలో కనబడేది కన్నీరు ఒక్కటే కాదు. అది ఒక పెద్దమనిషి ఒక పిల్లవాడి పక్కన కూర్చుని మాట్లాడినట్టు ఉంటుంది. వాడి చిరిగిన అంగీని చూస్తుంది, చెప్పుల్లేని పాదాన్ని చూస్తుంది, జీతం కింద కొలిచిచ్చే తాలు వడ్లను చూస్తుంది, పలక ఉండాల్సిన చేతిలో కర్రను చూస్తుంది. ఇన్ని చూశాక కూడా వాణ్ని దిక్కులేనివాడని అనదు. మొనగాడని పిలుస్తుంది.

ఆ ఒక్క పిలుపు దగ్గర మేము ప్రతిసారీ ఆగుతాం. ఊరు ఆ పిల్లవాణ్ని పిలిచే పేర్లు వేరు. కులం పేరుతో పిలుస్తుంది, ఒరే అని, తురే అని పిలుస్తుంది. జీతగాడి పిల్లవాడికి సొంత పేరు ఉందని గడికి తెలియదు. అట్లాంటి వాణ్ని ప్రేమగా, కొంచెం సరదాగా, తాతలు మనవళ్లను పిలిచినట్టు మొనగాడా అనడం హనుమంతుకే చెల్లింది. హాస్యం, ఆప్యాయత ఆయనలో వేరువేరు గుణాలు కావని ఇక్కడ తెలుస్తుంది. దొరను పిట్టలదొరను చేసి కిందికి దించిన మనిషే, జీతగాణ్ని మొనగాణ్ని చేసి పైకెత్తారు. రెండూ ఒకే పని.

జనగామ, మానుకోట, భూపాలపల్లి పల్లెల్లో ఇప్పుడు తాతలైన మాల, మాదిగ, లంబాడీ ఇండ్ల మనుషుల్లో ఎంతోమంది చిన్నప్పుడు జీతమున్నవాళ్లే. వెట్టి చాకిరీ నిర్మూలన చట్టం 1976లో వచ్చింది. పాట పుట్టిన తర్వాత దాదాపు మూడు దశాబ్దాలకు. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది. మా తరం పరిశోధక విద్యార్థుల్లో చాలామందికి తాత చేతిలో ఉన్నది ఆ పసుల కర్రే. అందుకే ఆ పాట మాకు సాహిత్యం కన్నా ముందు ఇంటి సంగతి.

జానకమ్మ ఇల్లు

ఉద్యమకారుల జీవిత చరిత్రల్లో భార్య గురించి ఒక వాక్యం ఉంటుంది, ఆమె సహకరించింది అని. హనుమంతు సహచరి జానకమ్మ. ఆ ఇంట్లో ఆస్తి లేదు, పాట ఉంది. భర్త పాటలతో, సభలతో ఊళ్లు తిరిగే మనిషైతే ఇంట్లో గింజలు ఎట్లా వస్తాయి, పిల్లలకు ఫీజు ఎవరు కడతారు అన్న లెక్కలు ఎవరి తల మీద పడతాయో మన ఇండ్లలో అందరికీ తెలుసు. జనాన్ని నవ్వించే మనిషి వెనుక ఇంటిని మోసిన మనిషి ఉంటుంది. ఆమె లేకుండా ఆ నవ్వు లేదు.

వాళ్ల కొడుకు అశోక్ తేజ 1960లో పుట్టారు. తండ్రి పాట వింటూ పెరిగారు. బడిపంతులుగా పనిచేసి, తర్వాత సినిమా పాటల రచయితయ్యారు. ఠాగూర్ సినిమాకు రాసిన పాటకు జాతీయ పురస్కారం అందుకున్నారు. ఆయన తల్లిదండ్రుల పేరిట ఏర్పాటు చేసిన పురస్కారం హనుమంతు ఒక్కరి పేరు మీద లేదు. సుద్దాల హనుమంతు జానకమ్మ పురస్కారం అని ఇద్దరి పేర్లూ కలిపి ఉంది. మన సంఘాలు పెట్టే స్మారక సభల్లో, ఫ్లెక్సీల మీద ఇట్లాంటి జంట పేర్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకుంటే సిగ్గనిపిస్తుంది. ఆ కుటుంబం మనకు నేర్పిన పాఠం ఇది.

హాస్యం కూడా ఆ ఇంటి నుంచి పోలేదు. సినిమాల్లో నవ్వించే పాత్రలతో, మాటల రచనతో పేరు తెచ్చుకున్న ఉత్తేజ్ అశోక్ తేజకు మేనల్లుడు. తాతల తరంలో గొల్లసుద్దుల కర్ర పట్టిన ఇంట, మనవళ్ల తరంలో మరో రూపంలో నవ్వు మిగిలింది. పాట కొడుక్కి వచ్చింది, నవ్వు మనవడి తరానికి వచ్చింది అనుకుంటే మాకు సంతోషంగా ఉంటుంది.

1979లో బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్ నిర్మాతలుగా, గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో మా భూమి సినిమా తయారయింది. కృషన్ చందర్ ఉర్దూ నవల దానికి ఆధారం. అందులో పల్లెటూరి పిల్లగాడ పాటను సంధ్య పాడారు. బండి యాదగిరి పాటను గద్దర్ పాడారు. మూడు దశాబ్దాలు ఊళ్లలోనే తిరిగిన పాట అప్పుడు పట్నం టాకీసుల్లో వినబడింది. కొత్త తరం దాన్ని మళ్లీ అందుకుంది. హనుమంతు ఆ రోజులు చూశారు. 1982 అక్టోబరు 10న కన్నుమూశారు.

అప్పు

ఆయన పోయిన మూడేళ్లకు, 1985 జులై 17న కారంచేడు జరిగింది. 1991 ఆగస్టు 6న చుండూరు. దళిత ఉద్యమం లేచి వామపక్షాలను నిలదీసింది. వెట్టి పోయింది సరే, భూమి ఎవరికి మిగిలింది, నాయకత్వం ఎవరి చేతిలో ఉంది, గడి కూలినా ఊరు వాడగా, వాడ ఊరుగా ఎందుకు విడిపోయే ఉన్నాయి అని అడిగింది. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా ముందు నిలబడి ఎనభై ఎకరాలు అడిగింది కూడా దళితులే. అంత పెద్ద భూమి పోరాటం నడిచిన నేల మీద, ఆ పోరాటం ముగుస్తున్న ఏడాది, వాళ్లు ఇంకా భూమి కోసం అడగాల్సి వచ్చింది. ఈ ప్రశ్నలు హనుమంతు పాటలకు కూడా వర్తిస్తాయి. ఆయన పాటలో దొర, జీతగాడు కనబడినంత స్పష్టంగా కులం కనబడదు. అది ఆ కాలపు ఉద్యమ పరిమితి. గౌరవం ఉన్నచోటే ఈ మాట ధైర్యంగా చెప్పుకోగలగాలి.

అయినా దళిత విద్యార్థులుగా మేము ఆయన్ని మనవాడని ఎందుకు అంటున్నాం? ఒకటి, ఆయన మన పిల్లవాణ్ని మొనగాడని పిలిచారు. రెండు, వెలివాడల, గుడారాల కళను తక్కువ చేయకుండా నెత్తిన పెట్టుకున్నారు. పద్మశాలి ఇంట పుట్టిన మనిషి భిక్షగాళ్ల వేషాలు కట్టడానికి సిగ్గుపడలేదు. మూడు, కోపం ఒక్కటే ఉద్యమం కాదని చూపించారు. మన సభల్లో కోపానికి కొరత లేదు, దానికి కారణాలకూ కొరత లేదు. కానీ నవ్వు తగ్గిపోయింది. భయపెట్టేవాణ్ని చూసి నవ్వగలిగితే భయం సగం పోతుందని ఆయన గొంగడి వేసుకుని చెప్పి వెళ్లారు.

ఆయనకు నివాళి అంటే మా దృష్టిలో మూడు పనులు. పాట పాడినప్పుడు రాసిన మనిషి పేరు చెప్పాలి, జానకమ్మ పేరు కూడా చెప్పాలి. ఆయన నేర్చుకున్న రూపాలను ఇప్పటికీ మోస్తున్న బుడగ జంగం, చిందు, బైండ్ల, డక్కలి కుటుంబాలు మన జిల్లాల్లోనే ఉన్నాయి. వాళ్ల దగ్గరికి పోయి కూర్చుని, వాళ్ల గురువుల పేర్లు రాసిపెట్టాలి. ఊరూరు తిరిగే ఆ కుటుంబాల పిల్లలకు కుల ధ్రువీకరణ పత్రం, బడిలో సీటు దొరికేలా వెంట నిలబడాలి. జానపద సాహిత్యం మీద పరిశోధన పత్రాలు రాసే మాలాంటివాళ్లకు ఈ మూడో పని మరీ ముఖ్యం. వాళ్ల పాటతో మాకు పట్టాలు వస్తున్నాయి, వాళ్ల పిల్లలకు ఇంకా బడి రాలేదు.

వచ్చేసారి జనగామలోనో మానుకోటలోనో భూపాలపల్లిలోనో సభలో ఆ పాట మొదలైనప్పుడు ముందు వరుసలో కూర్చున్న చిన్నపిల్లలను చూడండి. పాట అయిపోయాక వెంటనే ఉపన్యాసానికి పోవద్దు. ఒక గొల్లసుద్దో, ఒక పిట్టలదొర వేషమో పెట్టించండి. పిల్లలు నవ్వనీ. హనుమంతు కోరుకునేది అదేనని మాకు అనిపిస్తుంది.